అమ్మ చేతి వంట, పిన్ని ముఖం

మద్దిలపాలెం బస్సు డిపో ఎదురుగా మా అమ్మ చిన్న టిఫిన్ హోటల్ నడిపేది. నేను హైస్కూల్లో ఉండగా, డెబ్బైల చివర్లో, ఆమె చేతివేళ్ల మీద, పెదవుల చుట్టూ తెల్లమచ్చలు వచ్చాయి.

రోజూ వచ్చే ఒక కండక్టరు ఇడ్లీ ప్లేటు అందుకోబోతూ ఆగిపోయాడు.

"ఏటమ్మా, ఆ సేతులకి ఏటయింది?"

"బొల్లి బాబూ. అంటుకోదని డాక్టరు గారు సెప్పారు."

అతను తల ఊపాడు కానీ, అమ్మ బల్ల మీద పెట్టిన ప్లేటు ముట్టకుండా వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే హోటల్ ఖాళీ అయింది.

అప్పుడు అమ్మే మా పిన్నిని పిలిచి ముందు నిలబెట్టింది. పిన్నిది కళగల పచ్చని ముఖం. ఉప్మా చేయడం కూడా సరిగ్గా రాదు. అమ్మ వంటగదికి గుడ్డ తెర కట్టి, దాని వెనకే వండేది. జనం మళ్లీ వచ్చారు. ఆ కండక్టరూ వచ్చాడు.

"మీ అక్క సట్నీ కన్నా నీదే బాగుందమ్మా" అన్నాడు పిన్నితో.

పిన్ని నిజం చెప్పబోయింది. తెర సందులోంచి అమ్మ వద్దని చెయ్యి ఊపింది. తర్వాత రుబ్బురోలు దగ్గర కూర్చుని చాలాసేపు పప్పు రుబ్బింది. నేను పక్కన కూర్చుంటే, "బాగుందన్నాడు కదే, అది సాలు" అంది. కన్నీళ్లు తుడుచుకుందామంటే చేతినిండా పిండి.

అమ్మ పోయేవరకూ, ఏడెనిమిదేళ్లు, అలాగే గడిచింది. హోటల్ మూసేస్తుంటే కండక్టరు పిన్నిని అడిగాడు.

"నువ్వున్నావు కదమ్మా, మూసేత్తన్నావేటి?"

"వండినది మా అక్కే బాబూ. నాను ఒక్కరోజూ వండలేదు."

అతను వంటగది తెర వైపు చూశాడు. మేము తాళం వేసేవరకూ అక్కడే నిలబడ్డాడు.