విరాళమా, అడ్వాన్సా

మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. వ్యాపారి దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్న పడవ, పట్టిన చేపనంతా ఆయన కాటా మీదే పెట్టాలి. పక్క కాటాలో ధర ఎక్కువున్నా అటు చూడకూడదు. విడవలూరు తీరంలో ఇది తెలియని పిల్ల ఉండదు. నేనూ పడవ ఉన్న ఇంట్లోనే పుట్టాను. అయినా మరిచిపోయాను. చదువుకున్నాను గదా.

నేను రాసింది చిన్న యాప్. పొద్దున గాలి ఎలా ఉంటుందో, అల ఎంత లేస్తుందో, ఏ కాటాలో ఏ ధర ఉందో తెలుగులో చదివి వినిపిస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు. సర్వరు మాత్రం ఊరికే రాదు. అందుకని కింద విరాళం బటన్ పెట్టాను.

ఐసు ఫ్యాక్టరీ ఉన్న పెద్ద వ్యాపారి ఆ బటన్ జోలికి పోకుండా నేరుగా ఇంటికే వచ్చాడు. ఏడాది సర్వరు ఖర్చు కవరులో పెట్టి తెచ్చాడు.

"నాకేం వద్దు పాపా. మనోళ్లకు మంచి చేస్తా ఉండావు, ఉంచుకో."

అమ్మ కాఫీ ఇచ్చింది. నేను యాప్ తెరవగానే కనిపించేలా ఆయన పేరు పెట్టి కృతజ్ఞతలు రాశాను. బుద్ధి గడ్డి తిన్నది.

వారం తిరిగేసరికి రేవులో యాప్ తెరిచేవాళ్లే కరువయ్యారు. గాలి ముదురుతుందని యాప్ చెబుతున్న పొద్దున మా చిన్నాయన పడవ దించాడు. దేవుడి దయవల్ల తిరిగొచ్చాడు. వల బాగుచేసుకుంటున్న ఆయన్ని నిలదీశాను.

"ఐసు ఫ్యాక్టరీ ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకున్నావంట గదా" అన్నాడు తలెత్తకుండా. "ఇంక అది చెప్పే రేటు ఆయనదే. రేటు ఆయనదైతే గాలి మాత్రం ఎవరిది?"

"అది విరాళం చిన్నాయనా. ఆయన ఏమీ అడగలేదు."

"అడ్వాన్సు ఇచ్చినోడు ఆ పొద్దే అడుగుతాడా అమ్మా?"

నాకు ఒళ్లు మండింది. చిన్నాయన మీద కాదు, నా మీదే. కవరు తీసుకుని ఐసు ఫ్యాక్టరీకి పోయాను. వ్యాపారి నవ్వాడు.

"తిరిగిచ్చేదేముంది పాపా. పక్క కాటా రేటు రెండు గంటలు ఆలస్యంగా పెట్టు, చాలు."

కవరు బల్ల మీద పెట్టాను.

"ఇది లేకుండా ఎన్నాళ్లు నడుపుతావో చూస్తా."

"చూడండన్నా. మీ ఫోన్‌లో కూడా ఊరికే పనిచేస్తుంది."

ఆ రోజే ఆయన పేరు తీసేసి, షరతులు రాసి యాప్‌లో పెట్టాను. కాటా ఉన్నవాళ్ల డబ్బు వద్దు. ఎవరైనా సరే, ఒక పూట కూర ఖర్చుకు మించి ఇవ్వకూడదు. ఇచ్చినవాళ్ల పేరు తెర మీదికి రాదు. వచ్చిందీ పోయిందీ అందరికీ కనబడుతుంది. వచ్చే లక్ష్మిని కాలదన్నుకుంటున్నావని స్నేహితులు తిట్టారు. ఇలాంటి లక్ష్మి లోపలికొస్తే ముందు నన్నే బయటికి గెంటుతుందన్నాను.

డబ్బు చాలక యాప్ ఒకసారి రెండు రోజులు ఆగింది కూడా. సిగ్గుపడలేదు. ఆ రెండు పొద్దులూ వాతావరణ శాఖ సూచన చూసి, వేలంపాట షెడ్డు గోడ మీద సుద్దముక్కతో గాలి సంగతి రాశాను. వ్యాపారి మనుషులు చదివి నవ్వుకున్నారు. రెండో రోజు చిన్నాయన పడవ దగ్గర్నుంచే కేకేశాడు.

"ఏమంటా ఉంది గాలి?"

"పోవద్దంటా ఉంది."

ఆయన గోడను కాసేపు చూశాడు. తన పడవ మనుషుల్ని పిలిచి దాన్ని మళ్లీ ఒడ్డుకు లాగించాడు.