తిరిగొచ్చిన చెంబులు

కంబదూరు లక్ష్మీదేవమ్మకు చదువు రాదు, కానీ లెక్క తప్పదు. తన నాలుగెకరాల మెట్టలో ఏ ఏడు ఎన్ని కిలోల శెనక్కాయ విత్తనం పట్టిందో పదేళ్ల తర్వాత అడిగినా చెప్పగలదు. 2021 మే నెలలో ఊళ్లో కరోనా జ్వరాలు పెరిగినప్పుడు ఆమె రోజూ శొంఠి, మిరియాలు, వాము, తులసి వేసి నాలుగు లీటర్ల నీళ్లు రెండు లీటర్లయ్యే దాకా కాచేది. అడిగిన ఇంటికల్లా ఒక స్టీలు చెంబుతో పంపేది.

"ఏమక్కా, చెంబులన్నీ పంచేస్తివి. మీ ఇంటాయన ఎర్రన్న దోసిట్లో తాగుతాండాడా నీళ్లు?" అన్నాడు పక్కింటి ఆటో మీరావలి.

"నీకు జరమొస్తే దోసిట్లోనే పోస్తాలే" అన్నదామె.

జ్వరం తగ్గినవాళ్లు చెంబు కడిగి, గుప్పెడు శెనక్కాయలో బెల్లం ముక్కో వేసి తెచ్చిచ్చేవారు. ఉత్త పాత్ర తిరిగివ్వడం మా వైపు మర్యాద కాదు. నెలాఖరుకు ఆమె ఆ చెంబులను గూట్లో వరుసగా పేర్చి, హైస్కూల్లో సైన్సు చెప్పే నన్ను పిలిచి చూపించింది.

"ఇరవై ఏడు సారూ. అంతమందికీ తగ్గింది. ఇంక సాక్ష్యమేం కావల్ల?"

ఎన్ని పంపిందో నేను అడగలేదు. కషాయం గొంతుకు హాయినిస్తుందే తప్ప ఈ వైరస్‌ను అణచుతుందనడానికి ఆధారం లేదని చెప్పవలసింది. ఆమె ముఖం చూసి, "మంచిదేనమ్మా" అన్నాను.

జూన్ మొదట్లో ఆమె భర్త ఎర్రన్నకు జ్వరం వచ్చింది. ఆరో రోజు ఆయాసం మొదలైంది. మీరావలి ఆటో తెచ్చి వాకిట్లో నిలిపాడు.

"కళ్యాణదుర్గం ఆస్పత్రికి పోదాం పాక్కా. అన్నకు ఊపిరాడ్డంల్యా."

"రెండు దినాలు తాళప్పా. అంతమందికి తగ్గింది, ఈయప్పకు తగ్గదా? సారు గూడా మంచిదే అన్న్యాడు."

ఎనిమిదో రోజు ఆస్పత్రిలో వేలికి యంత్రం పెట్టి చూస్తే ఆక్సిజన్ డెబ్బై ఒకటి. మరునాడు ఎర్రన్న పోయాడు.

దినాలు ముగిశాక వెళ్లాను. ఆమె పంపినవి ముప్పై మూడని అప్పుడు అడిగి తెలుసుకున్నాను. రాని ఆరింటిలో నాలుగు, మనుషులు పోయిన ఇళ్లలో ఉన్నాయి. చావు జరిగిన ఇంటి నుంచి పాత్ర వెనక్కి పంపరు, ఇచ్చినవాళ్లూ అడగరు. ఆ చావులు ఆమెకు తెలుసు. చెంబు రాలేదు కనుక లెక్కలోకి రాలేదు. తగ్గినవాళ్లలో ఎక్కువమందికి ఏమీ తాగకపోయినా తగ్గేదని కూడా చెప్పాను.



"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే, నేను ఆటో ఎక్కిచ్చింటాను కదా సారూ?"

"ఎక్కించేదానివే, అమ్మా."

ఎక్కించినా ఎర్రన్న బతికేవాడని ఎవరూ రూఢిగా చెప్పలేరు. అది నిజమే అయినా, ఆ మాటను ఆమె ముందు నేను సాకుగా వాడుకోలేదు.