తండ్రి డోలు, కూతురి వేణువు

సుల్తానాబాద్ రజిత వేదిక ఎక్కగానే చెప్పులు విడుస్తుంది. ఎడమకాలి బొటనవేలు నేలమీద దరువు పట్టాకే వేణువును పెదవికి ఆనిస్తుంది. కరీంనగర్‌లో కర్ణాటక సంగీతం, ముంబైలో జాజ్ నేర్చుకుని, రెండూ కలిపి ఎన్నో దేశాల్లో వాయించిన మనిషి. సొంత గడ్డమీద మాత్రం ఇదే తొలి కచేరీ. తీరా ఆ సాయంత్రం డ్రమ్స్ వాయించే అతనికి జ్వరం వచ్చింది. కరీంనగర్ హాలు అప్పటికే నిండిపోయింది. ముందు వరుసలో తండ్రి రాయమల్లు ఉన్నాడు. వేములవాడలో ఒగ్గుకథ ముగించి నేరుగా వచ్చాడు కనుక డోలు ఆయన వెంటే ఉంది.

"బాపూ, జర నా పక్కకొచ్చి డోలు కొట్టు" అంది రజిత.

"నీ జాజు నాకు రాదు బిడ్డా."

"ఏం కొట్టాల్నో ముందుగాల నాకు సుత తెల్వది. వాయించుకుంటనే పుట్టిస్త."

ఆయన కండువా నడుముకు బిగించి, డోలుతో వేదిక ఎక్కాడు. కాసేపు ఆయన దరువు కూతురి వేణువు వెంట బుద్ధిగా నడిచింది. ఆ తర్వాత, కథలో గుర్రాలు పరుగెత్తేటప్పుడు కొట్టే దరువు అందుకుని ముందుకు ఉరికాడు. రజిత వేణువుతో తరుముకుంటూ పోయింది. అందుకోబోయేసరికి ఆయన కన్నుగీటి దరువు మార్చేశాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. ఊపిరితో కలిసి ఆ నవ్వు వేణువులోంచి తునకలు తునకలుగా బయటికి వచ్చింది. జనం అదీ పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. అది నవ్వు అని రాయమల్లుకు తెలుసు. దానికీ దరువు వేశాడు.