దర్జీ నోట్లో తడారింది

ఆ వీధి దర్జీకి కత్తెర ఎంత అవసరమో ఉమ్మీ అంతే అవసరం. దారం కొసను నాలుక మీద ఒక్క తిప్పు తిప్పి, మొన తేల్చి, చూడకుండానే సూది బెజ్జంలోకి పంపేవాడు. బట్టలిచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తే, "ఉతికాకే కదండీ తొడుక్కునేది!" అనేవాడు.

ఒకసారి జలుబు చేసింది. మందుల షాపతను ఇచ్చిన మాత్రలు రెండు రోజులు వేసుకునేసరికి ముక్కు కారడం ఆగింది. దాంతోపాటు నోరూ పిడచకట్టుకుపోయింది. దారం తడవలేదు సరికదా, నాలుకకే అంటుకుని పీకితే గాని ఊడిరాలేదు. బిస్కెట్టు నమిలితే సున్నం బుక్కినట్టయింది. అంత వాగుడుకాయ దర్జీకి మాటే పెగల్లేదు.

"ఇల్లు ఎంత హాయిగా ఉందో!" అంది భార్య. మూడో రోజుకి జాలేసి, పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసింది. "పళ్ళు బాగానే ఉన్నాయి. లాలాజలమే లేదు. చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద గ్రంథులుంటాయి. రక్తంలోంచి నీళ్ళు లాగి నోట్లోకి వదులుతాయి. రోజుకి లీటరు దాకా."

"లీటరే! అదంతా నేనే మింగానా?" అన్నాడు దర్జీ, ఎలాగో మాట పెగల్చుకుని.

"మరి పక్కింటాయన మింగుతాడా? అది పళ్ళను కడుగుతుంది, తిన్నదాన్ని ముద్ద చేస్తుంది, అరగడం మొదలెడుతుంది. అది కరిగిస్తేనే నాలుకకి రుచి తెలిసేది."

"మరి దారం సంగతి?"

"మా పుస్తకాల్లో దారం లేదండీ. ఆ జలుబు మాత్రలే నోటినీ ఎండగట్టాయి, మానెయ్యండి. నీళ్ళు తాగుతూ ఉండండి. పుల్లటిదేదైనా చప్పరించండి."

మర్నాడు మధ్యాహ్నం హెడ్మాస్టరు దర్జీ కొట్లో కొత్త కోటు తొడుక్కుని కొలత చూసుకుంటున్నాడు. దర్జీ ఆయన ముందు వంగి కాలరుకి గుండుసూదులు పెడుతున్నాడు. అప్పుడే భార్య నిమ్మకాయతో వచ్చి, వాళ్ళెదురుగా సగానికి కోసి, "చూడండి!" అంటూ తానే ఒక చెక్క కొరికింది. ఒక కన్ను మూసుకుపోయింది, భుజాలు చెవులదాకా లేచాయి.

దర్జీ దవడల కింద ఏదో జివ్వుమంది. నాలుక కింద ఊట పుట్టింది.

"వచ్చేసిందే!" అని అరిచాడు. నోరు మూసి అరవాల్సింది. వచ్చినదంతా కోటు కాలరు మీద పడింది.

హెడ్మాస్టరు మొహం కందగడ్డయింది. తిట్టడానికి నోరు తెరిచాడు. కానీ నిమ్మకాయను ఆయనా చూశాడు కదా! ముందు ఒక గుటక వేశాడు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ ఊరింది. మూడో గుటక దిగేసరికి కోపం కూడా దిగిపోయింది.

"ఆ రెండో చెక్క ఇలా ఇవ్వమ్మా," అన్నాడు.