చెత్త అనుకుని తీసేసిన ఫైలు

నేను నరసరావుపేటలో ఇంట్లో కూర్చునే హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాను. సాఫ్ట్‌వేర్ ఎలా రాయాలో జూనియర్లకు క్లాసులు పీకేది కూడా నేనే.

మా బాబాయి ఇక్కడే ఒక కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. ఏ రైతు మిరపకాయ బస్తాలు, అదే టిక్కీలు, ఏ గదిలో, ఏ వరసలో ఉన్నాయో చూపించే ప్రోగ్రాం కావాలన్నాడు. రెండు ఆదివారాల్లో రాసిచ్చాను. రాసిచ్చానంటే, నేను రాసింది కొంచెమే. మిగతాదంతా ఎవరెవరో రాసి నెట్‌లో పెట్టిన ప్యాకేజీలు. నేను పన్నెండు తెచ్చుకుంటే, వాటికి అవసరమంటూ ఇంకో మూడొందలు వెంట వచ్చాయి. వాటిలో ఏది ఏ వెర్షనో రాసిపెట్టే లాక్ ఫైలు ఒకటుంటుంది. వేల లైన్లు. చూడ్డానికి చెత్తలా ఉందని తీసేశాను.

మొన్న వేసవిలో వాళ్ల ఆఫీసుకు కొత్త కంప్యూటరు వచ్చింది. వెళ్లి ప్రోగ్రాం ఎక్కించాను. లాక్ ఫైలు లేదు కాబట్టి అన్నీ కొత్త వెర్షన్లే దిగాయి. మొదటి పేజీ తెరుచుకుంది. అంతవరకే చూసి, టీ తాగి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోను. "ఒరేయ్, రైతు పేరు కొడితే స్క్రీను తెల్లగా వస్తంది. ఒకసారి రా."

నేను వెళ్లేసరికి బొల్లాపల్లి నుంచి ఒకావిడ తన టిక్కీల కోసం ఆటో మాట్లాడుకుని వచ్చి కూర్చుని ఉంది. ఒక ప్యాకేజీని పాత వెర్షనుకు దించాను. దాని మీద ఆధారపడ్డ ఇంకోటి మొరాయించింది. దాన్నీ దించితే, మూడోది కొత్తదే కావాలంది. గంటన్నర గడిచింది.

"ఏంది బాబూ, ఇంకా చానాసేపు పడుద్దా?" అంది ఆవిడ.

"ఒకదానికి పాతది కావాలి, ఇంకోదానికి కొత్తది కావాలి పెద్దమ్మా. రెండిటికీ పొసగట్లా."

"ఆ రెండిటినీ తెచ్చింది ఎవరు?"

"నేనే."

ఆవిడ బయట ఆగి ఉన్న ఆటో వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

అప్పటిదాకా నా వెనక నిలబడి చూస్తున్న గుమాస్తా గారు శాలువా కప్పుకుని లోపలి చలిగదిలోకి వెళ్లారు. టిక్కీల మీద రంగుతో వేసిన గుర్తులు చూసి పావుగంటలో ఆవిడవి బయటికి తీయించారు. ఆటో వెళ్లిపోయింది. నేనింకా కుర్చీలోనే ఉన్నాను.

మధ్యాహ్నానికి గానీ నాకు పాత కంప్యూటరు గుర్తుకు రాలేదు. మూలగదిలో గోనెసంచుల కింద దొరికింది. ఆన్ చేస్తే పాత ప్యాకేజీలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి. ఏది ఏ వెర్షనో చూసుకుని, కొత్తదాంట్లోనూ సరిగ్గా అవే ఎక్కించాను. ప్రోగ్రాం నడిచింది. ఈసారి లాక్ ఫైలును రెండుచోట్ల దాచాను.

బాబాయి అక్కడికక్కడే మా నాన్నకు ఫోను చేశాడు. "పొద్దున్నుంచి లేవకుండా కూర్చుని బాగుచేశాడు అన్నయ్యా, మనోడు."

చెడగొట్టింది ఎవరో బాబాయి అడగలేదు, నేనూ చెప్పలేదు. నా కోసం తెప్పించిన పునుగులు మాత్రం మొత్తం తినేశాను.