కాంపౌండరుగారి మోనాలిసా

పాడేరు ఆస్పత్రి కాంపౌండరు సన్యాసిరావుకి లోకంలో ఒకే ఒక్క పిచ్చి, మోనాలిసా నవ్వు. జ్వరంతో వచ్చినవాడికైనా, తేలు కుట్టి వచ్చినవాడికైనా ముందు ఆవిడ బొమ్మ చూపించి, "నవ్వుతందా, లేదా? సరిగా సూసి సెప్పు" అనేవాడు. తేలు కుట్టినవాడు ఏం చెబుతాడు?

ఆ బొమ్మ, ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఓ దొరగారి సామాన్లలో సీసాకి చుట్టిన కాగితంగా అతనికి దొరికింది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇటలీలో లియొనార్డో అనే ఆయన వేసిందట. 1926 వానలు మొదలయ్యేసరికి సన్యాసిరావు దాన్ని చూసి ముప్ఫై ఒక్క బొమ్మలు గీశాడు. ఒకటి పంటినొప్పి మనిషిలా వచ్చింది. ఇంకొకటి అచ్చం అతని మేనమామలా వచ్చింది, మీసం ఒక్కటే తక్కువ.

"ఆయన ఏళ్ళ తరబడి గీసేడంట. నాను పొద్దు గూకేలోపు అవగొట్టేద్దామని కూకుంటాను. నాకంటే ఎర్రోడు ఉంటాడా?" అని తనమీద తనే నవ్వుకునేవాడు.

అదే చిత్రకారుడు వేసిన ఏసుప్రభువు ఆఖరి భోజనం గురించి ఎవరో చెప్పగా విని, దాన్ని ఆస్పత్రి గోడమీద బొగ్గుతో వేశాడు. కొండ మీద నుంచి కట్టు కట్టించుకోడానికి వచ్చిన క్రైస్తవుడు పోలయ్య ఓపిగ్గా లెక్కపెట్టాడు. పదమూడు మందికి ఇరవై ఏడు చేతులు.

"ఆ ఎక్కువ సెయ్యి ఎవులిది బాబూ?"

"వడ్డించేవోడిది. గోడ సాల్లేదు. మనిషి పట్టలేదు, సెయ్యొక్కటే పట్టింది."

ఈ వ్యవహారం మొత్తంలో అందరికంటే తెలివితక్కువ పని చేసింది తనేనని అతని భార్య రత్నాలు తర్వాత చెప్పుకునేది. బొమ్మలోని, ఎప్పుడో పోయిన ఇటలీ ఆవిడని సవతిగా ఎంచి, ఆ కాగితాన్ని రెండుసార్లు చాపకింద దాచింది.

ఆ శ్రావణంలో మన్యం జ్వరాలు ముమ్మరమయ్యాయి. ఓ మధ్యాహ్నం పక్కింటి అసిరమ్మ పరుగెత్తుకొచ్చింది. "మీ ఆయన రోగులకి మందు మానేసి, ఆడా మగా లేకండా పీట మీద కూకోబెట్టి బొమ్మలు గీత్తన్నాడు!"

రత్నాలు కొంగు బిగించి వెళ్ళి ఆస్పత్రి తడిక వెనక నిలబడింది. లోపల బుధు అనే రైతు గొంగళి కప్పుకుని వణుకుతున్నాడు. సన్యాసిరావు చేతిలో క్వినైన్ గళాసు ఉంది.

"వద్దు బాబూ. సేదు. సచ్చినా తాగను."

"నీకోసం కాదురా, నాకోసం. ఆ దొరసాని నవ్వు ఎంతకీ రాటం లేదు. సేదు మింగి ఏడవకండా ఉన్నోడి మొకంలోనే ఉంటాది అది. రోజూ వచ్చి కాసింత తాగి కూకో."

"ఎన్నాళ్ళు?"

"వారం."

బుధు అతన్ని జాలిగా చూశాడు. "పాపం, గీత రాపోతే నువ్వు మాత్తరం ఏటి సేత్తావు!" అని గుటుక్కున మింగేశాడు.

సన్యాసిరావు కాగితం మీదికి వంగి పెన్సిలు కదిలించాడు. రత్నాలు తడిక సందులోంచి తొంగిచూసింది. కాగితం మీద మొహం లేదు, ముక్కు లేదు, అన్నీ అక్షరాలే. 'బుధు, మొదటి మోతాదు, ఇంకా ఆరు రోజులు. సోములమ్మ రాలేదు, నాలుగు రోజులుగా జ్వరం. పిల్లలు చిన్నవాళ్ళు.'

జ్వరం రాకుండా ముందుజాగ్రత్తకని మొగుడు తనకిచ్చిన ఆ చేదుమందునే పెరట్లో పారబోసిన రత్నాలు తలొంచుకుంది. చప్పుడు చెయ్యకుండా వెనుదిరిగి, పొలం గట్టు మీదుగా సోములమ్మ ఇంటికి వెళ్ళింది.

"ఆ సేదుకి నాను రాను," అంది సోములమ్మ, మూలుగుతూ.

"మందు మాటెవరన్నారు? మా ఆయన బొమ్మ ఆగిపోనాది. ముప్పయ్యొకటి పాడుసేసేడు. మొకం దొరక్క ఒకటే ఇదయిపోతన్నాడు."

సోములమ్మ నిట్టూర్చి, రత్నాలు భుజం పట్టుకుని లేచింది. "ఆ బాబు గీత సంగతి మాకు తెలీదేటి? మేం కూకోకపోతే ఇంకెవులు కూకుంటారు? పద."

ఆస్పత్రి గుమ్మంలో భార్యని చూసి సన్యాసిరావు గబుక్కున కాగితం తిరగేశాడు.

"ఏటలా సూత్తావు?" అంది రత్నాలు. "బేగి గియ్యి. మనిషిని తెచ్చేను."

పదిహేను రోజులకి సోములమ్మ చోడి చేలో కలుపు తీస్తూ, పక్క గట్టు మీద వణుకుతూ కూర్చున్న ముసలాయన్ని గద్దిస్తోంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా తాతా? బేగి పో. అక్కడ బాబు బొమ్మ సగంలో ఆగిపోనాది!"