పెడల్ గట్టిపడేదాకా

బ్రేకు తొక్కితే పెడల్ ఎక్కడా ఆగకుండా, తడిగుడ్డల మూట మీద కాలేసినట్టు, మెత్తగా నేలదాకా దిగిపోయేది. టపటపా రెండు మూడు సార్లు తొక్కితే కొంచెం పైకి లేచేది. కాసేపటికి మళ్లీ మామూలే. అరవై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలమంతా తార్నాకలో నేను అద్దెకున్న ఇంటి ముందు ఆ కారుతో కుస్తీ పడుతూనే గడిచింది.

అప్పుడు యూనివర్సిటీ మూతబడి ఉంది. ప్రత్యేక రాష్ట్రం కావాలని విద్యార్థులు రోడ్డెక్కారు. మాది అనంతపురం వైపు. చరిత్ర చెప్పే ఉద్యోగం దొరికి ఈ ఊరు వచ్చాను. గొడవలు పెరిగాక మామగారు వచ్చి నా భార్యనూ, చిన్నపాపనూ అనంతపురం తీసుకుపోయారు. నన్నెవరూ ఏమీ అనలేదు. కానీ టీకొట్టు దగ్గర నేను నోరు విప్పగానే, నా యాస విని, పక్కవాళ్ల మాటలు ఆగిపోయేవి. మెల్లగా నోరు విప్పడమే తగ్గించాను. చెప్పడానికి పాఠం లేదు, ఇంట్లో పలకరించే మనిషి లేదు. ఎప్పుడైనా మాట్లాడవలసి వస్తే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

కారు నాకంటే వయసులో పెద్దది. రిటైరై వెళ్లిపోతున్న ఒక ప్రొఫెసర్ దగ్గర కొన్నాను. దానివి ఇనుప కడ్డీలతో పనిచేసే పాతకాలపు బ్రేకులు. ఒకసారి అడిక్‌మెట్ దిగుడులో అవి పట్టనే లేదు. ఆ రోజు పాప నా పక్క సీట్లోనే ఉంది. అందుకే వాటిని పీకేసి, ఆ తర్వాతి మోడల్ కారుకుండే ఆయిల్ బ్రేకులు పాత సామాన్ల బజారులో వెతికి తెచ్చాను. ఒక మెకానిక్ ఆయిల్‌ను నెట్టే సిలిండర్ కూర్చోవడానికి పట్టీ వెల్డింగ్ చేసి ఇచ్చాడు. అంతలో బంద్‌లు మొదలై షెడ్డు మూసేశాడు. మిగతాదంతా నేనే బిగించుకున్నాను.

పైపుల్లో గాలి చిక్కుకుంటే పెడల్ మెత్తబడుతుంది. ఆ గాలి తీయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం వెనక ఉండే చిన్న మరను వదులు చేసి గాలి పోనివ్వాలి. మర మళ్లీ బిగించేదాకా పైనున్న మనిషి కాలు తీయకూడదు. నేను సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర బిగించి కిందికి పరుగెత్తేవాణ్ణి. మర తిప్పగానే పెడల్ దిగేది, కర్ర జారిపోయేది, పోయిన గాలి అంతా మళ్లీ లోపలికి వచ్చేది. కాస్త వచ్చి తొక్కమని అడగడానికి నాకొక్క మనిషి లేడని ఆ కర్రను మళ్లీ మళ్లీ నిలబెడుతున్నప్పుడే బాగా తెలిసింది.

మా ఇంటి వెనక గదిలో నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉండేది. కొడుకు యూనివర్సిటీలో చదువుతున్నాడని వండిపెట్టడానికి వచ్చింది. ఆ కొడుకును ఊరేగింపులో పోలీసులు పట్టుకుపోయారు. అప్పటినుంచి ఆమె గది ముందు పొయ్యి వెలగడం నేను అరుదుగా చూశాను. ఎలా పలకరించాలో తెలియక ఊరుకున్నాను. చివరికి ఆమే కారు దగ్గరికి వచ్చింది.

“ఏంది సారూ, దినాం గీ బండి కిందనే పండుకుంటున్నరు?”

“బ్రేకులు కుదరలేదమ్మా. లోపల కూర్చుని ఎవరన్నా తొక్కితే, నేను కింద గాలి వదలాల.”

“తొక్కుడే గద. బురద తొక్కి నాట్లేసిన కాళ్లు, గిది తొక్కయా?”

చెప్పులు బయట విడిచి, కారులో నిటారుగా కూర్చుంది. నేను కింద నుంచి “తొక్కండి” అనేవాణ్ణి. ఆమె “పట్టిన” అనేది. మర తిప్పి, బిగించి, “వదలండి” అనేవాణ్ణి. నాలుగు చక్రాలూ అయ్యాయి. మరకు గొట్టం తగిలించి కింద పెట్టిన సీసాలోకి బుడగలు రావడం ఆగిపోయింది. పెడల్ మాత్రం మెత్తగానే ఉంది. మరునాడూ అంతే. ఎక్కడా ఆయిల్ కారడం లేదు, కొత్త ఆయిల్ పోసినా మార్పు లేదు.

మొహాలు కనబడకుండా మాట్లాడుకోవడం వల్ల కాబోలు, మాటలు సులువుగానే వచ్చాయి.

“మీ ఇంటామె ఎప్పుడొస్తది?”

“తెలీదమ్మా.”

నేను తర్వాతి చక్రం దగ్గరికి జరిగాను. పైనుంచి ఆమే చెప్పింది. “మా పిలగాన్ని చూడనిస్తరంట. ములాఖత్‌కు పోదామంటె బస్సులు నడుస్తలెవ్వు. నడిచి పోత అంటె గంత దూరం మోకాళ్లు సాగయి.”

ఆ మాట విన్నాక ఇక కారును వదిలిపెట్టలేకపోయాను. లోపం ఏ చక్రంలో ఉందో విడదీసి చూడాలనిపించింది. చక్రాలకు ఆయిల్ చేర్చే రబ్బరు గొట్టాలను రెండు చెక్కముక్కల మధ్య పెట్టి ఒక్కొక్కటే నొక్కి బిగించాను. వెనకవి బిగిస్తే తేడా లేదు. ముందువి రెండూ బిగించగానే పైనుంచి ఆమె గొంతు వచ్చింది.

“సారూ, ఇప్పుడు రాయి లెక్కున్నది.”

అంటే గాలి ముందు చక్రాల్లోనే ఉంది. చక్రాలు విప్పి, చాలాసేపు చూస్తే అర్థమైంది. కుడివైపు ఉండాల్సిన బ్రేకు ప్లేటు ఎడమకూ, ఎడమది కుడికీ బిగించి ఉన్నాయి. గాలి వదిలే మర పైన ఉండాల్సింది కిందికి వచ్చింది. మరలోంచి ఎంత ఆయిల్ బయటికి పోయినా, పైకి చేరిన గాలి అక్కడే కూర్చుంది. రెండూ మార్చి బిగించి మర తిప్పాను. సీసాలో బుడబుడమని చాలాసేపు బుడగలు వచ్చాయి. తర్వాత పెడల్ సగంలోనే ఆగిపోయింది.

“ఇగ దిగదు,” అంది ఆమె, తృప్తిగా.

ముందు ఖాళీ క్యాంపస్ రోడ్ల మీద నడిపి చూశాను. ఆర్ట్స్ కాలేజీ ముందు ఎన్నిసార్లు తొక్కినా కారు నిలబడింది. చూసేవాళ్లెవరూ లేరు. మర్నాడు పొద్దున ఆమె సద్ది కట్టుకొని వచ్చి కూర్చుంది. జైలు దగ్గర సొంతవాళ్లనే లోపలికి పంపారు. నేను కారులో ఉండిపోయాను. ఆమె తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

“బక్కవడ్డడు,” అంది కారు కదిలాక. “ఎవరు తోల్కొచ్చిన్రు అని అడిగిండు. మన సారు అని చెప్పిన.”

నేను రోడ్డు వంకే చూస్తూ నడిపాను.

ములాఖత్‌కు ఇంకోసారి కూడా వెళ్లాం. తర్వాత పిల్లవాణ్ణి వదిలేశారు. చదువు మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో తెలియక గది ఖాళీ చేసి ఊరికి బయల్దేరారు. బస్టాండు దాకా దింపుతానన్నాను. “వద్దు సార్, రిక్షా తెచ్చిన,” అన్నాడు కొడుకు, మర్యాదగానే. ఆమె మూటలు సర్దుకుని నావైపు తిరిగింది.

“మీరు గూడ పోండ్రి సారూ, మీ పిల్ల కాడికి. మనిషి గిట్ల ఒక్కడు ఉండొద్దు.”

అలాగేనన్నాను. రిక్షా హబ్సిగూడ వైపు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చి అన్నం వండుకున్నాను. నేను అనంతపురం వెళ్లింది మాత్రం ఆ మరుసటి ఏడు.